మా పురపాలక సంఘం టెండర్ల సేవ: 17 ఏళ్లుగా పనులు చేస్తున్న చిన్న కాంట్రాక్టరు సమీక్ష

హోటళ్ల మీద, ఆసుపత్రుల మీద, బట్టల కొట్ల మీద అభిప్రాయాలు రాసేవారు చాలామంది ఉన్నారు గాని, మన వీధిలో రోడ్డు, డ్రెయిను, కుళాయి పైపు ఎవరి చేత, ఏ ధరకు, ఏ షరతుల మీద వేయించాలో తేల్చే పురపాలక సంఘం టెండర్ల విభాగం పనితీరు గురించి ఎవరైనా రాయగా నేను చూడలేదు. ఆ విభాగంతో నాకు 17 ఏళ్ల పరిచయం ఉంది. గోదావరి డెల్టాలో, కాలువ ఒడ్డున ఉన్న ఒక పట్టణంలో కింది తరగతి కాంట్రాక్టరుగా పేరు నమోదు చేయించుకుని సిమెంటు రోడ్లు, డ్రెయిన్లు, కల్వర్టులు, పారిశుద్ధ్య కార్మికుల క్వార్టర్ల మరమ్మతులు, ఇళ్ల స్థలాల కాలనీల్లో అంతర్గత పనులు చేశాను. నాకు దక్కిన పనులకంటే దక్కని టెండర్లే ఎక్కువ కాబట్టి ఈ విధానాన్ని రెండు వైపుల నుంచీ చూశాను. టెండరు తెరిచే పద్ధతికి మంచి మార్కులే వేస్తాను. టెండరుకు ముందు తయారయ్యే ఎస్టిమేటుకు తక్కువ మార్కులు, పని పూర్తయ్యాక బిల్లు చెల్లించే తీరుకు అంతకంటే తక్కువ మార్కులు వేయక తప్పడం లేదు.

ముందుగా మంచి సంగతి చెబుతాను. మా మేనమామ గారు కాంట్రాక్టులు చేసిన రోజుల్లో టెండరు షెడ్యూలు కొనడానికి ఆఫీసుకు వెళ్లాలి, నింపిన కవరును గడువులోగా పెట్టెలో వేయాలి. షెడ్యూలు ఎవరెవరు కొన్నారో సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయేదని, పెట్టె దగ్గర నలుగురు నిలబడి ఉంటే అయిదో మనిషి కవరు జేబులోనే పెట్టుకుని ఇంటికి తిరిగి వచ్చేవాడని ఆయన చెప్పేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదిక మొదలై, క్రమంగా పురపాలక సంఘాల పనులు కూడా దాని మీదికి వచ్చాక ఆ పెట్టె కనుమరుగైంది. ఇప్పుడు నా డిజిటల్ సిగ్నేచర్ ఉన్న చిన్న టోకెన్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఇంట్లో కూర్చునే ధరావతు కట్టి, అర్హత పత్రాలు ఎక్కించి, ధర కోట్ చేస్తాను. నేను వేశానన్న సంగతి గడువు ముగిసి బిడ్లు తెరిచేదాకా ఎవరికీ తెలియదు. తెరిచాక ఎవరు ఎంతకు వేశారో, ఎవరిని ఏ కారణంతో అనర్హుణ్ణి చేశారో పాల్గొన్నవారందరికీ కనిపిస్తుంది. ఒకసారి నా టర్నోవరు సర్టిఫికెట్‌లో సంవత్సరం తప్పు పడినందుకు నన్ను పక్కన పెట్టారు. పని పోయిందని బాధపడ్డాను గాని, కారణం కళ్లెదుట ఉంది కాబట్టి ఎవరినీ అనుమానించవలసిన అవసరం రాలేదు. చిన్న కాంట్రాక్టరుకు ఇది చిన్న గౌరవం కాదు.

ఈ వేదికలో నాకు నచ్చని విషయం ఒక్కటే. నోటీసు, షరతులు, షెడ్యూలు అన్నీ ఆంగ్లంలోనే ఉంటాయి. తాపీ పనిలో 30 ఏళ్ల అనుభవం ఉండి, లెక్క నోటితో చెప్పగల మేస్త్రీ కూడా కంప్యూటర్ సెంటరు కుర్రవాడి మీద ఆధారపడి టెండరు వేయవలసి వస్తోంది. ఆ కుర్రవాడి చేతికి టోకెన్, పాస్‌వర్డ్ రెండూ ఇచ్చేశాక గోప్యత ఎక్కడిదో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఇక ధర విషయానికి వస్తాను. నీటిపారుదల శాఖ 2003 జూలై 1న ఇచ్చిన 94వ నంబరు జీవో నేటికీ మా టెండర్లకు పునాదిగా ఉంది. ఇంజినీర్లు ప్రామాణిక ధరల పట్టికను బట్టి అంచనా విలువ కడతారు. మేము దానికి ఇంత శాతం లెస్ అనో, ఇంత శాతం ఎక్సెస్ అనో కోట్ చేస్తాము. అంచనాకు 5 శాతం మించి ఎక్సెస్ కోరిన టెండరును ఆమోదించకూడదని, 25 శాతం మించి లెస్‌కు వేసినవారు ఆ తేడా సొమ్మును అదనపు హామీగా కట్టాలని ఆ జీవో చెబుతుంది. ధరావతుగా టెండరుతో 1 శాతం, అగ్రిమెంటు రోజున మరో 1.5 శాతం కట్టాలి. పని జరుగుతుండగా ప్రతి బిల్లులోనూ ఇంకో 7.5 శాతం పట్టి ఉంచుతారు. అంటే పని విలువలో పదో వంతు సంఘం దగ్గర హామీగా ఉండిపోతుంది.

మా వీధికి పని 22 శాతం లెస్‌కు పోయిందట, సంఘానికి ఆదా అయిందట అని సంతోషించే పౌరులను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. సిమెంటు బస్తా ధర నాకూ, నాతో పోటీపడేవాడికీ ఒకటే. ఇసుక, కంకర, కూలి కూడా దాదాపు ఒకటే. పట్టికలో కాంట్రాక్టరు లాభానికి వదిలిన వాటాను మించి తగ్గించినప్పుడు ఆ తేడా రోడ్డు మందంలోనుంచో, క్యూరింగ్ పెట్టవలసిన రోజుల్లోనుంచో, వైబ్రేటరు అద్దెలోనుంచో రావాలి. కాంక్రీటు వేసిన మర్నాటి నుంచి గోనెసంచులు పరిచి, మడి కట్టి, పది పదిహేను రోజులు నీళ్లు నిలపాలంటే ఇద్దరు మనుషుల కూలి అవుతుంది. తగ్గించేటప్పుడు మొట్టమొదట తగ్గేది ఆ కూలే, ఎందుకంటే అది ఫోటోలో కనిపించదు. నేను 8 శాతం లెస్ దాటి ఎప్పుడూ వేయలేదు. అందువల్ల నాకు దక్కకుండా వేరేవారికి పోయిన పనుల్లో కొన్ని రెండో వానాకాలానికే పెచ్చులు లేచాయి.

2019లో పెద్ద పనులకు రివర్స్ టెండరింగ్ తెచ్చినప్పుడు, తొలి బిడ్లు తెరిచాక అందరూ ఆన్‌లైన్‌లో ఒకరిని మించి ఒకరు ధర తగ్గించుకుంటూ పోయే పద్ధతి నడిచింది. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని తీసేశారు. మా స్థాయి పనుల దాకా అది రాలేదు గనుక దాని మీద తీర్పు చెప్పను.

నా అసలు ఫిర్యాదు ఎస్టిమేటు మీద. మా పట్టణ శివార్లలో, ఒకప్పటి వరి చేలను మెరక చేసి వేసిన పేదల ఇళ్ల స్థలాల కాలనీలో 320 మీటర్ల సిమెంటు డ్రెయిను పని నాకు దక్కింది. ఎస్టిమేటులో తవ్వకం సాధారణ నేలగా రాసి ఉంది. నీరు తోడే ఐటెం ఊసే లేదు. డెల్టాలో పుట్టి పెరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు: పైన వేసిన మెరక మట్టి రెండడుగులు దాటితే నల్లరేగడి తగులుతుంది, కాలువలో నీరుండగా మూడడుగులు తవ్వితే గుంటలో ఊట దిగుతుంది. కాలువలు సాధారణంగా ఏప్రిల్ మధ్యలో కట్టి జూన్ మొదట్లో వదులుతారు. ఆ ఆరేడు వారాలే మా ప్రాంతంలో భూమి లోపలి పనికి అనువైన కాలం. ఈ పనికి మార్చిలో ఎస్టిమేటు మంజూరైతే, నోటీసు ఏప్రిల్‌లో ఇచ్చి, మే నెలలో బిడ్లు తెరిచి, కౌన్సిల్ ఆమోదం, అగ్రిమెంటు అన్నీ ముగిసి వర్క్ ఆర్డరు నా చేతికి వచ్చేసరికి జూలై రెండో వారం అయింది. అప్పటికి చుట్టూ ఊడ్పులు పడ్డాయి, పక్కనున్న బోదె (చిన్న పిల్లకాలువ) నిండుగా పారుతోంది.

మొదటి రోజు ఉదయం తవ్విన 15 మీటర్ల కందకం మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి మోకాలి లోతు నీటితో నిండింది. సాయంత్రానికి ఒక పక్క గట్టు జారి, తీసిన మట్టి మళ్లీ అందులోనే పడింది. రెండు ఆయిల్ ఇంజన్లు అద్దెకు తెచ్చి రాత్రింబవళ్లు తోడించాము. సరుగుడు బాదులు దిగగొట్టి, వెదురు తడికలు ఆనించి, ఇసుక బస్తాలు పేర్చితే గాని బెడ్ కాంక్రీటు వేయడానికి నేల దొరకలేదు. ఈ ఖర్చు సంగతి ఇంజినీరు గారికి చెబితే, ఎస్టిమేటులో లేని ఐటెంను తాను కొలతలు రాసే ఎం-బుక్‌లో ఎలా రాయగలనండీ, మీరే ఎక్కడో అక్కడ సర్దుకోండి అన్నారు. ఆయన మంచి మనిషి. నాకు కోపం రాలేదు గాని, సర్దుకోవడం అంటే దేన్ని తగ్గించమంటున్నారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తగ్గించలేదు. ఆ పనిలో నష్టపోయాను.

అంతకంటే పెద్ద తప్పును కనిపెట్టింది ఆ వీధిలో ఉండే ఒక పెద్దావిడ. మూడో రోజు షట్టరింగు కడుతుంటే గుమ్మంలోనుంచి చూసి, "నాయనా, ఈ కాలవ అడుగు మా దొడ్లో తూము కన్నా ఎత్తుగా ఉన్నట్టుంది, మా నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని అడిగారు. ఊరికే అన్నారనుకుంటూనే, మట్టం చూసే నీటి గొట్టం తెప్పించి, ఒక కొన డ్రెయిను బెడ్ దగ్గర, మరో కొన ఆవిడ పెరటి తూము దగ్గర పట్టించాను. రెండు అంగుళాల తేడా కనిపించింది. ఆవిడ చెప్పిందే నిజం. డ్రెయిను కలవవలసిన పెద్ద మురుగు కాలువ మట్టాన్ని, ఇళ్ల తూముల మట్టాన్ని చూడకుండా రోడ్డు మట్టాన్ని బట్టి లెవెళ్లు వేశారు. డెల్టాలో వాలు అంటే కిలోమీటరుకు వేళ్ల మీద లెక్కపెట్టే అంగుళాలే కాబట్టి, ఇక్కడ రెండు అంగుళాల తప్పు చిన్న తప్పు కాదు. ఇంజినీరు గారిని పిలిచి చూపిస్తే అక్కడికక్కడే సరిదిద్దడానికి ఒప్పుకున్నారు. ఆ రోజు ఆవిడ బయటికి రాకపోయి ఉంటే కాగితాల ప్రకారం నా పని నూటికి నూరు పాళ్లూ సరైనదే అయ్యేది, ఆ వీధి మురుగు మాత్రం వెనక్కి తన్నేది.

పనులను కలపడం, విడదీయడం గురించి కూడా చెప్పాలి. మూడు వీధుల పనిని ఒకే ప్యాకేజీగా కలిపితే అర్హత మొత్తం పెరిగి మా వంటి తరగతి వారు పోటీకే రాలేరు. అదే ఒకే వీధి పనిని ముక్కలు చేస్తే ఒక్కో ముక్క టెండరు పరిమితి కిందికి వచ్చి నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా, ఎవరో ఒకరికి వెళ్లిపోతుంది. రెండూ చూశాను. నామినేషన్ అనేది వరద వచ్చినప్పుడు తెగిన గట్టు పూడ్చడానికి, పగిలిన పైపు ఆ రాత్రే వేయడానికి ఉండవలసిన వెసులుబాటు. సంవత్సరం పొడవునా అదే దారిలో పనులు ఇస్తుంటే టెండరుకు అర్థం ఉండదు.

పెద్ద ఎత్తున జరిగే ఇళ్ల నిర్మాణ పనుల్లో పురపాలక సంఘం పాత్ర వేరు. 2015లో కేంద్రం పట్టణ ప్రాంతాలకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన ప్రకటించాక, మన రాష్ట్రంలో పట్టణ పేదల ఇళ్లు కట్టించే ప్రభుత్వ సంస్థ టిడ్కో భీమవరం, పాలకొల్లు, తాడేపల్లిగూడెం, మండపేట, అమలాపురం వంటి డెల్టా పట్టణాల్లో షియర్ వాల్ పద్ధతిలో (గోడలను కాంక్రీటుతోనే పోత పోసి) 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్ల సముదాయాలు చేపట్టింది. ఆ టెండర్లు పెద్ద ప్యాకేజీలుగా పెద్ద కంపెనీలకు వెళ్లాయి. లబ్ధిదారుల జాబితా, ఆ తర్వాత నీరు, మురుగు, చెత్త నిర్వహణ పురపాలక సంఘాల నెత్తిన ఉన్నాయి. అన్ని అంతస్తుల గోడలు అల్యూమినియం ఫారాలతో పోత పోసే పనికి పెద్ద సంస్థ కావలసిందే, అందులో నాకు అభ్యంతరం లేదు. కాని ఆ సముదాయాల చుట్టూ వేసే అప్రోచ్ రోడ్డు, డ్రెయిను, ప్రహరీ వంటివి వేరు చేసి స్థానికంగా టెండరు పిలిస్తే, ఆ నేల స్వభావం తెలిసినవాళ్లు చేస్తారు, రెండేళ్ల తర్వాత పగులు వచ్చినా పిలిస్తే పలికే దూరంలో ఉంటారు.

ఆ రెండేళ్ల గురించి పౌరులకు తెలియకపోవడం ఈ సేవలోని పెద్ద లోపాల్లో ఒకటి. పని పూర్తయిన తేదీ నుంచి రెండేళ్లపాటు లోపం ఏది బయటపడినా కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలని మా అగ్రిమెంట్లలో ఉంటుంది. బిల్లుల్లో పట్టి ఉంచిన 7.5 శాతం అందుకే. పని దగ్గర పెట్టే బోర్డు మీద నిధుల పేరు, మొత్తం, ప్రారంభించినవారి పేర్లు ఉంటాయి గాని, ఫలానా తేదీ వరకు ఈ రోడ్డు బాధ్యత కాంట్రాక్టరుదే అన్న ఒక్క ముక్క ఉండదు. దాన్ని పెయింటుతో రాయించడానికి అయ్యే ఖర్చు ఎంత? నేను చేసిన ఒక కల్వర్టు పక్క గోడ 19వ నెలలో కొద్దిగా వాలితే, ఆ వీధివాళ్లు సంఘానికి అర్జీలు పెట్టుకుంటూ నాలుగు నెలలు తిరిగారు. నా చెవిన పడిన మర్నాడే మేస్త్రీని పంపాను. ముందే తెలిసి ఉంటే వారికి ఆ తిరుగుడు ఉండేది కాదు.

పౌరులు చూడవలసిన కాగితాలు మూడు: మంజూరైన ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్. పని జరిగిన కొద్దీ పొడవు, వెడల్పు, మందం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఎం-బుక్‌లో రాస్తారు, ఆయన పై అధికారి డీఈ గారు మళ్లీ కొలిచి సంతకం చేస్తారు, బిల్లు దాన్నిబట్టే తయారవుతుంది. రోడ్డు మందం ఎస్టిమేటులో ఎంత ఉందో, ఎం-బుక్‌లో ఎంత రాశారో, అంచున టేపు పెడితే ఎంత వస్తుందో మూడూ పక్కపక్కన పెట్టి చూసే పౌరుడు ఒక్కడున్నా ఆ వీధిలో పని తీరు మారుతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో ఇవ్వాలి, నకలు పేజీకి 2 రూపాయలు. నా పనులకు సంబంధించి ఇద్దరు అడిగారు. ఇద్దరికీ కాగితాలు అందాయి, అయితే ఒకరికి అప్పీలుకు వెళ్లాక గాని అందలేదు. ఈ మూడు కాగితాలను అడగకముందే నోటీసు బోర్డు మీద పెట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

బిల్లు సంగతి రాయడం కష్టమైన పని. 2022 జూలై 18 నుంచి స్థానిక సంస్థల పనుల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. బిల్లులో కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం, ఆదాయపు పన్ను, జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, సీనరేజీ (ఇసుక, కంకర వంటి ఖనిజాల మీద రుసుము), హామీ సొమ్ము అన్నీ పోగా మిగిలింది మాకు రావాలి. ఏ నిధి కింద పని ఉందన్నదాన్ని బట్టి అది ఎప్పుడు వస్తుందో ఉంటుంది. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు కాబట్టి డ్రెయిన్ల పనులకు ఆ నిధి దొరికేది. సాధారణ నిధి పనులకు మాత్రం సంఘం వసూళ్లను బట్టి, పైన ఖజానా అనుమతిని బట్టి ఎదురుచూడాలి. పైన చెప్పిన డ్రెయిను బిల్లు నాకు 14 నెలలకు వచ్చింది. ఆ 14 నెలలూ రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు తిప్పాను, మా ఆవిడ గాజులు ఒకసారి బ్యాంకుకు వెళ్లి వచ్చాయి. ఆలస్యం ఇంత మామూలైపోయాక, ఆగగలిగినవాడే టెండరు వేస్తాడు, ఆగే కాలానికి వడ్డీని ధరలోనో నాణ్యతలోనో కలుపుకుంటాడు. సంఘం లెక్కల్లో ఈ ఖర్చు ఎక్కడా కనిపించదు గాని, భరించేది మాత్రం ప్రజలే.

సేవల కాంట్రాక్టుల్లో ఒక మార్పును మనసారా మెచ్చుకుంటాను. పారిశుద్ధ్య కార్మికులను టెండరు ద్వారా ఏజెన్సీలు సరఫరా చేసిన రోజుల్లో వారి జీతంలో కోత, పీఎఫ్ జమకాకపోవడం గురించి నిత్యం వినేవాళ్లం. 2020 జూలైలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ప్రభుత్వం పెట్టిన ఆప్కాస్ సంస్థ ద్వారా ఆ మధ్యవర్తులను తొలగించి జీతం నేరుగా ఖాతాలో పడేలా చేశారు. మనుషుల శ్రమను లెస్ శాతానికి పాడుకోవడం ఆగింది. మార్కెట్ ఆశీలు (బజారులో అమ్ముకునేవారి దగ్గర వసూలు చేసే రుసుము) మాత్రం ఇప్పటికీ ప్రతి ఏటా వేలమే. బహిరంగంగా పాట జరుగుతుంది కాబట్టి పాటదారు ఎవరో, ఎంతకు పాడుకున్నాడో అందరికీ తెలుసు. అయితే రేట్ల బోర్డును చేపల బజారులో తాటాకు బుట్టల వెనక పెడితే, బుట్టకు ఎంత ఇవ్వాలో అమ్ముకునే ఆడవాళ్లకు తెలిసేదెలా?

మొన్న అదే కాలనీలో రెండో వీధి డ్రెయినుకు నోటీసు వచ్చింది. షెడ్యూలు తెరిచి ముందుగా ఐటెంల పట్టిక చూశాను. తవ్వకం తర్వాతి వరుసలో నీరు తోడే ఐటెం, ఇంజను గంటల లెక్కన, మొదటిసారిగా కనిపించింది. లెవెళ్ల డ్రాయింగులో పెద్ద మురుగు కాలువ మట్టం కూడా రాసి ఉంది. నోటీసు ఫిబ్రవరిలోనే ఇచ్చారు, కాబట్టి కౌన్సిల్ సమావేశం వాయిదా పడకపోతే ఏప్రిల్ మధ్యలో కాలువ కట్టేనాటికి అగ్రిమెంటు అయ్యే అవకాశం ఉంది. ధరావతు సొమ్ము సిద్ధం చేసుకున్నాను, ఈసారి 6 శాతం లెస్‌కు వేస్తున్నాను. వేసే ముందు నీటి గొట్టం పట్టుకుని ఆ వీధిలో తూములన్నీ ఒకసారి చూసి రావాలి.